నాయనమ్మ దగ్గర రేడియో లేదు

తమ్ముడికి,

నీ కథ చదివాను. నల్లగొండ పల్లెలో తొంభై దాటిన నాయనమ్మ జీవితం రాయాలనుకోవడం మంచిదే. కానీ మొదటి పేజీలోనే ఆమెను రేడియో ముందు కూర్చోబెట్టి, 1947 ఆగస్టు 15న నెహ్రూ ప్రసంగం వినిపించి, కళ్లు తుడిపించావు. ఆ రోజు మీ ఊరు నిజాం రాజ్యంలో ఉంది. అక్కడ పండుగ లేదు, రజాకార్ల భయం ఉంది. పోలీసు చర్య పేరుతో భారత సైన్యం వచ్చింది 1948 సెప్టెంబరు 13న, నిజాం లొంగిపోయింది 17న. అయినా ఆ ఇంట్లో రేడియో ఎక్కడిదయ్యా? స్వాతంత్ర్యం అనగానే అందరూ అదే సీన్ రాస్తారు, సినిమాల పుణ్యం.

అసలు కథ నీ నోట్సులో ఓ మూల ఉంది. పెళ్లినాటి సిక్కాలు కొన్ని ఇంకా సందుగలో చీర మడతల్లో ఉన్నాయని రాసి, వదిలేశావు. హాలీ సిక్కా నిజాం సొంత నాణెం. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇండియా రూపాయలకు సమానం. రాజ్యం ఐదు రోజుల్లో పోయింది గానీ, ఆ రూపాయి 1959 దాకా చెల్లింది. కొన్నేళ్లు రెండు రూపాయలూ పక్కపక్కనే నడిచాయి. చదువు రాని పిల్ల సంతలో ఆ లెక్క ఎలా నెగ్గుకొచ్చింది? ఉప్పుకు ఏ రూపాయి ఇచ్చింది, చిల్లర ఏది వచ్చింది, షావుకారు మధ్యలో ఎంత నొక్కేశాడు? అవి అడుగు. ‘1948లో నీకేమనిపించింది’ అంటే ‘ఏమనిపిస్తది బిడ్డా’ అని ఊరుకుంటుంది.

ఆమె తారీఖులు చెప్పదు. ‘వినోబా వచ్చిన ఏడు పెద్దోడు పుట్టిండు’ అంటే, పోచంపల్లిలో తొలి భూదానం 1951 ఏప్రిల్ 18న జరిగింది, అక్కణ్నుంచి లెక్క కట్టుకో. పోలీసు చర్య ఎండాకాలంలో అయిందంటే మాత్రం ఆమె మాట దిద్దకు. వానాకాలమని నీకు తెలిస్తే చాలు.

1969 తెలంగాణ ఉద్యమం, ఎమర్జెన్సీ అంటూ ప్రతిదానికీ ఆమెతో హాజరు వేయించకు. ఎమర్జెన్సీ ఆమెకు కూతురి పెళ్లి అప్పు తీర్చిన రోజులే కావచ్చు. అలాగే రాయి. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యాన్ని మాత్రం వదలకు. జొన్న గటక తాగిన ఇంట్లో కంచం ఎలా మారిందో, ఒక పూట తిండి మొత్తం రాయి.

సంక్రాంతికి ఊరెళ్తున్నావుగా. రికార్డింగ్ పెట్టే ముందు ఫోన్ సైలెంట్‌లో పెట్టు. పోయినసారి పంపిన ఆడియోలో సగం నీ రింగ్‌టోనే.

మీ అన్న