హోస్టింగ్ రెన్యువల్ మూడింతలైంది, డొమైన్ డెవలపర్ పేరు మీద ఉంది. ఏం చేయాలి?

ప్రశ్న: మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో మగ్గాల మీద నేసిన దర్రీలు, జంపఖానాలు సొంత వెబ్‌సైట్‌లో అమ్ముకుంటున్నాం. నిరుడు హన్మకొండకు చెందిన ఒక డెవలపర్ సైట్ తయారుచేసి, నెలకు 149 రూపాయల హోస్టింగ్ ప్లాన్‌ను నా కార్డుతో కొనిపించాడు. ఈ ఏడు నన్నడగకుండానే 7,066 రూపాయలు కట్ అయ్యాయి. 'అన్‌లిమిటెడ్' ప్లాన్ అని చెప్పి, దసరా గిరాకీ సమయంలో హోస్టింగ్ కంపెనీ వాళ్లు సైట్ ఆపేశారు. డాట్ కామ్ డొమైన్ డెవలపర్ పేరు మీద ఉందని ఇప్పుడే తెలిసింది. డబ్బు తిరిగి వస్తుందా? కొత్త ప్లాన్ కొనే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: డబ్బు సంగతి రెండోది. ముందు డొమైన్ మీ చేతికి రావాలి. హోస్టింగ్ అంటే అద్దె జాగా, నచ్చకపోతే ఇంకోచోటికి మారొచ్చు. డొమైన్ పోతే మీ సైట్ చిరునామా, ఆ పేరు మీద నడిచే మెయిల్ ఐడీలు, పాత గిరాకీ అన్నీ ఒకేసారి పోతాయి.

డొమైన్ ఎవరి పేరు మీద రిజిస్టరైందో రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మి నమోదు చేసే కంపెనీ) దృష్టిలో అతనే హక్కుదారు. డబ్బు మీరు కట్టినా సరే. కాబట్టి డెవలపర్‌ను మర్యాదగానే, కానీ మెయిల్‌లో అడగండి: రిజిస్ట్రెంట్ (నమోదైన హక్కుదారు) పేరు, మెయిల్, ఫోన్ నంబరు మీవిగా మార్చాలి, మార్చలేకపోతే డొమైన్ అన్‌లాక్ చేసి ఆథ్ కోడ్ (వేరే రిజిస్ట్రార్‌కు బదిలీ చేసుకునే రహస్య కోడ్) ఇవ్వాలి. హక్కుదారు అడిగిన 5 రోజుల్లో రిజిస్ట్రార్ ఆ కోడ్ ఇవ్వాలని డొమైన్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నియమం. ఒక చిక్కుంది. రిజిస్ట్రెంట్ పేరు మారిస్తే చాలాచోట్ల 60 రోజులపాటు వేరే రిజిస్ట్రార్‌కు బదిలీ చేయనివ్వరు. అందుకని గడువు తేదీ దగ్గరపడితే ముందు ఒక ఏడాది రెన్యువల్ చేయించి, ఆ తర్వాతే పేరు మార్పు పెట్టుకోండి. అతనికి ఇవ్వాల్సిన బాకీ ఏమైనా ఉంటే అది కట్టేసి, డొమైన్ అప్పగింతను రాతపూర్వకంగా తీసుకోండి.

ససేమిరా అంటే లాయర్ నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టులో దావా. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉందని 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు బయట డాట్ కామ్ వివాదాలు యూడీఆర్‌పీ అనే ఐకాన్ వివాద పరిష్కార విధానం కింద, డాట్ ఇన్ వివాదాలు ఆ డొమైన్లను చూసే నిక్సీ సంస్థ వారి ఐఎన్‌డీఆర్‌పీ విధానం కింద తేలతాయి. మీ డొమైన్‌లో మీ దుకాణం పేరు ఉంటేనే ఈ దారులు గట్టివి. 'వరంగల్ దర్రీలు' లాంటి మాటలే ఉంటే ఆ పేరు మీ ఒక్కరిదే అనలేరు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. అప్పుడు మీ కేసు పేరు మీద హక్కు గురించి కాకుండా, మీ డబ్బుతో మీ కోసం కొన్నది అతను తన పేరున ఉంచుకున్నాడన్న దాని మీద నడవాలి. పేమెంట్ రసీదులు, వాట్సాప్ సంభాషణలు అక్కడే అక్కరకొస్తాయి.

ఇక 7,066 సంగతి. మొదటి ఏడు 149 చొప్పున 12 నెలలకు 1,788, 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 2,110. ఇప్పుడు కట్ అయినదాన్ని వెనక్కి లెక్కవేస్తే నెలకు 499 పడింది. కొనేటప్పుడు కార్ట్ పేజీలో 'రెన్యువల్ 499' అని ఏ మూలో ఉంటే, కేవలం రేటు పెరిగిందని గెలవడం కష్టం. చూపలేదంటే, లేదా ఆటో రెన్యువల్ టిక్ ముందే పెట్టి ఉంటే కథ మారుతుంది. ముందే టిక్ పెట్టిన బాక్సులను సమ్మతిగా లెక్కించకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే సైట్ డిజైన్లు) మార్గదర్శకాలు సబ్‌స్క్రిప్షన్ ఉచ్చును, అంటే మానుకోవడం కష్టం చేయడాన్ని, అడగని వస్తువును కార్ట్‌లో చేర్చడాన్ని నిషేధించాయి.

బ్యాంకు వైపు కూడా చూడండి. 15,000 లోపు ఆటో డెబిట్‌కు ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు, అందుకే మిమ్మల్నడగకుండా డబ్బు పోయింది. కానీ కనీసం 24 గంటల ముందు కార్డు ఇచ్చిన బ్యాంకు సమాచారం పంపాలి, వద్దనుకునే వీలు ఇవ్వాలి. ఆ ఎస్ఎంఎస్ వచ్చిందో లేదో వెతకండి. రాకపోతే బ్యాంకుకు ఫిర్యాదు. 30 రోజుల్లో తేలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్. ఎస్ఎంఎస్ వచ్చి మీరు చూడలేదంటే ఈ దారి మూసుకున్నట్టే.

'అన్‌లిమిటెడ్' విషయంలో మీకు బలమైన వాదన ఉంది. షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే ప్లాన్‌లో) డిస్క్ స్థలం ఎంతైనా ఇస్తామంటారు గానీ ఫైళ్ల సంఖ్యకు, సీపీయూ వాడకానికి, ఒకేసారి నడిచే ప్రాసెస్‌లకు పరిమితి నిబంధనల్లో ఉంటుంది. వందల దర్రీల ఫోటోలు, ఒక్కోదానికి నాలుగైదు సైజుల కాపీలు, పైగా పాత మెయిళ్లు. ఫైళ్ల లెక్క ఇట్టే దాటిపోతుంది. పెద్ద అక్షరాల్లో చెప్పిన మాటను చిన్న అక్షరాల్లో వెనక్కి తీసుకోకూడదన్నది 2022 నాటి తప్పుదోవ ప్రకటనల మార్గదర్శకాల సారం. ఏ పరిమితి, ఏ రోజు, ఎంత దాటిందో సర్వర్ రికార్డు (లాగ్) పంపమని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోవడం కూడా మీకు సాక్ష్యమే.

హోస్టింగ్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదుల అధికారికి) ఈరోజే మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆ పక్కనే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి. ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. నిబంధనల్లో 'బెంగళూరు కోర్టులకే అధికారం' అనో, ఆర్బిట్రేషన్ అనో ఉందని భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

అవతలి వకీలు వేసే మొదటి ప్రశ్న: 'ఇది వ్యాపారం కోసం కొన్నది, మీరు వినియోగదారు ఎలా అవుతారు?' స్వయం ఉపాధితో బతికేవాళ్లు కొన్నదాన్ని వ్యాపారంగా లెక్కించకూడదన్న మినహాయింపును 2019 చట్టంలో వస్తువులకే రాశారు. పాత చట్టంలో ఉన్న 'సేవలు' అన్న మాట రాలేదు. ఈ లొసుగును వాళ్లు తప్పక పట్టుకుంటారు. అయితే వ్యాపార ప్రయోజనమని రుజువు చేయాల్సిన బరువు సేవ అందించిన వాళ్లదేనని 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి మగ్గాలు, కూలీలు లేకపోవడం, నేత కార్మికుడి గుర్తింపు కార్డు జత చేయండి. ఈ బిల్లు మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే మాత్రం మీ వాదన సన్నగిల్లుతుంది.

స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి ఒరిజినల్ ఫైళ్లు చెరిపేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి.

కొత్త ప్లాన్ కొనేటప్పుడు నెల రేటును నమ్మకండి. ఎన్ని నెలలకు కలిపి కడితే ఆ రేటు, రెన్యువల్‌కు ఎంత, జీఎస్టీతో ఎంత అన్నవి కాగితం మీద వేసుకోండి. ఫైళ్ల పరిమితి ఎంత, బ్యాకప్ రోజూ తీస్తారా, దాన్ని తిరిగి పెట్టడానికి వేరే ఫీజా అని చాట్‌లో అడిగి జవాబు దాచుకోండి. 99.9 శాతం అప్‌టైమ్ అంటే 30 రోజుల్లో 43 నిమిషాలు సైట్ ఆగినా మాట తప్పినట్టు కాదు. 99 శాతమంటే 7 గంటల పైమాటే. ఎస్ఎస్ఎల్‌కు (సైట్‌కు తాళం గుర్తు తెచ్చే భద్రతా సర్టిఫికెట్‌కు) విడిగా డబ్బు అడిగితే ఆలోచించండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే. డొమైన్‌ను హోస్టింగ్‌తో 'ఫ్రీ'గా తీసుకోకుండా మీ మెయిల్, మీ ఫోన్‌తో విడిగా కొనండి. రికవరీ మెయిల్ ఆ డొమైన్ మీదిదే కాకూడదు. పాత ప్లాన్ ఆపేముందు ఫైళ్లు, డేటాబేస్, మెయిళ్లు మూడూ దించుకోండి. కొత్త సర్వర్‌కు డీఎన్ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కు దారితీయాలో చెప్పే సెట్టింగ్) మార్చాక కనీసం 48 గంటలు పాతదాన్ని నడవనివ్వండి, ఆ మధ్యలో వచ్చే ఆర్డర్లు కొన్ని పాతచోట, కొన్ని కొత్తచోట పడొచ్చు.