కోలిఫాం సున్నా వచ్చింది, ఇంకా వైరస్ పరీక్ష ఎందుకు?

నీళ్ల రిపోర్టులో కోలిఫాం (మురుగు కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) లేదని వచ్చాక వైరస్ పరీక్ష కూడా కావాలా అని అడిగారు. కచ్చితంగా కావాలి. 1955 చివర్లో ఢిల్లీలో మురుగు వెళ్లి యమునలో నీళ్లు తోడే చోట కలిసింది. పటిక, క్లోరిన్ మోతాదు పెంచి నీళ్లు వదిలారు. టైఫాయిడ్ పెరగలేదు, కామెర్లు మాత్రం 29 వేల మందికి పైగా వచ్చాయి. బ్యాక్టీరియా చచ్చింది, వైరస్ బతికింది.

అందుకే తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 (2012) ప్రకారం లీటరు నీటిలో ఎంఎస్2 ఫేజ్ ఉండకూడదు. ఇది బ్యాక్టీరియాకి సోకే వైరస్, నీళ్లలో వైరస్‌లు ఉండొచ్చని చెప్పే గుర్తు. పరీక్ష పద్ధతి అమెరికా పర్యావరణ సంస్థ రాసిన ఈపీఏ 1602. ముందు మీ రిపోర్టులో ఆ గడి ఉందేమో చూడండి.

తాగి పారేసిన సీసాలో నీళ్లు పట్టుకెళ్లడం దయచేసి మానండి. స్టెరైల్ సీసా కావాలి, కుళాయి నీళ్లయితే అందులో ముందే క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. లేకపోతే దారిలోనే క్లోరిన్ ఫేజ్‌ని చంపేసి ఉత్తుత్తి సున్నా వస్తుంది. ఐస్‌లో పెట్టి, నీళ్లు పట్టిన 48 గంటల్లోపు పరీక్ష మొదలయ్యేలా చేర్చాలి.

ల్యాబులో 100 మి.లీ. నీటికి మెగ్నీషియం క్లోరైడ్, జోరుగా పెరుగుతున్న ఈ.కోలై ఎఫ్-యాంప్ (ఎంఎస్2 సోకే బ్యాక్టీరియా రకం) 10 మి.లీ., 48 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న డబుల్ స్ట్రెంగ్త్ అగార్ (చల్లారితే గడ్డకట్టే జెల్లీ) 100 మి.లీ. కలిపి 150 మి.మీ. ప్లేట్లలో పోస్తారు. లీటరుకి ఇదే పదిసార్లు. ఎక్కువగా చెడేది ఈ.కోలై దగ్గరే. ఎంఎస్2 దాని ఒంటి మీది నూగులాంటి పిలైని పట్టుకునే లోపలికి వెళ్తుంది. కల్చర్‌ని 25 డిగ్రీల లోపు పెంచితే పిలై మొలవవు, షేకర్ గట్టిగా తిప్పితే విరిగిపోతాయి. 36 డిగ్రీలే ఉండాలి.

16 నుంచి 24 గంటల తర్వాత ప్లేటుని వెలుతురుకి ఎత్తి చూడాలి. ఈ.కోలై పెరిగిన మసక పొర మీద గుండుసూది తలంత మచ్చ, అంచు కాస్త చెదిరినట్టుంటే అది ప్లాక్, అంటే ఫేజ్ ఈ.కోలైని చంపిన చోటు. అంచు గీసినట్టుంటే గాలిబుడగ, లెక్కలోకి రాదు.

ఇంకో చిక్కు ఉంది. పరీక్ష సరిగా పనిచేస్తోందో చూడటానికి కావాలని ఫేజ్ కలిపి పోసే పాజిటివ్ కంట్రోల్ కూడా ఎంఎస్2నే. దాని మూత ముందే తీస్తే మీ నీళ్లలో లేనిది కూడా ప్లేటు మీద కనిపిస్తుంది. కంట్రోల్ చివర్లో పోయాలి, ఫేజ్ లేని శుభ్రమైన నీటితో చేసే బ్లాంక్ ప్లేట్లు మొదటా చివరా రెండుసార్లు పెట్టాలి. ఆ ప్లేట్ల లెక్కలు కూడా అడిగి తీసుకోండి.

రిపోర్టు వచ్చేలోగా, కామెర్లున్న ఊళ్లో లీటరుకి 0.5 మి.గ్రా. ఫ్రీ క్లోరిన్ (దేనితోనూ కలవకుండా మిగిలిన క్లోరిన్) గంటసేపు నిలవాలి. నీళ్లు బురదగా ఉంటే ముందు తేర్చండి. మట్టి రేణువుల చాటున దాక్కున్న వైరస్‌కి క్లోరిన్ సరిగా అందదు.