డిజిటల్ చిత్రంలో పండ్లు ప్లాస్టిక్ బొమ్మల్లా కనబడకుండా ఉండాలంటే

ఆపిల్‌ను, ద్రాక్ష గుత్తిని ఎంత నునుపుగా తీర్చిదిద్దినా ప్లాస్టిక్ బొమ్మల్లాగే కనబడుతున్నాయని, మంచి టెక్స్చర్ బ్రష్‌లు (తొక్క గరుకుదనం చూపే డిజిటల్ కుంచెలు) కొనుక్కోవాలా అని అడిగారు. పండ్లను ఎదురుగా పెట్టుకొని ట్యాబ్లెట్‌పై చాలాకాలంగా చిత్రిస్తున్నాను. బ్రష్‌ల సంగతి తరువాత, ముందు నీడలను సరిచూసుకోమని నా సలహా.

ఒకే దీపపు వెలుగు పక్కనుంచి పడేలా పండ్లను అమర్చుకొని, మొదట బూడిద ఛాయలతోనే, గట్టి అంచున్న గుండ్రటి బ్రష్‌తో వెలుగు భాగాన్నీ నీడ భాగాన్నీ విడదీయండి. బల్ల మీద పడి తిరిగి పండు అడుగును తాకే కాంతి కంటికి ఎంత ప్రకాశంగా తోచినా, వెలుగు భాగంలోని అతి ముదురు ఛాయను అది మించకూడదు. మించితే పండు గుండ్రదనం చెడిపోతుంది. పండు బల్లను ఆనుకున్న చోట నీడ అన్నిటికంటే చిక్కగా, దాని అంచు పదునుగా ఉంటుంది. దూరం జరిగేకొద్దీ ఆ అంచు మెత్తబడుతుంది. మెత్తని అంచున్న ఎయిర్ బ్రష్‌తో అన్ని అంచులనూ ఒకేలా మెత్తపరచడం వల్లనే ప్లాస్టిక్ రూపం ఎక్కువగా వస్తుంది.

రంగు విషయంలో, మల్టిప్లై లేయర్‌పై (కింది రంగులను ముదురు చేసే పొరపై) నలుపు పూస్తే నీడ జీవం కోల్పోతుంది. నారింజ నీడను ఎరుపు కలిసిన గోధుమ వైపు జరిపి చూడండి. పండు తొక్క లోహం కాదు కనుక మెరుపు మచ్చకు పండు రంగు అంటదు, దీపం రంగే వస్తుంది. నారింజ తొక్కలోని గుంటలు ఆ మెరుపును ముక్కలు చేస్తాయి. వెలుగు నీడలు కలిసే పట్టీలోనే ఆ గుంటలు స్పష్టంగా కనబడతాయి కాబట్టి టెక్స్చర్ బ్రష్‌ను అక్కడికే పరిమితం చేస్తే చాలు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ద్రాక్ష. కాంతి ద్రాక్ష పండులోకి చొచ్చుకుపోయి లోపల చెదిరి అవతలి వైపు బయటపడుతుంది. అందువల్ల దీపానికి ఎదురు వైపున, మామూలుగా నీడ ఉండాల్సిన చోట, పండు లోలోపలి నుంచి వెచ్చని రంగుతో వెలుగుతుంది. తొక్కపై తెల్లని మైనపు పొర ఉన్నచోట మెరుపు మందగిస్తుంది. ఆ పొరను తక్కువ ఒపాసిటీతో, అంటే కింది రంగు కనబడేంత పలుచగా, వేరే లేయర్‌పై వేసి, వేళ్లు తగిలి చెరిగిన చోట్ల తుడిచేస్తాను. ఈ ఒక్క పనితోనే ద్రాక్షకు ప్రాణం వస్తుంది. 1599 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు కరవాజియో వేసిన పండ్ల బుట్ట చిత్రంలో, పురుగు తొలిచిన ఆపిల్‌నూ ఎండిన ఆకులనూ ఆయన దాచకుండా చూపిన తీరు ఒకసారి పరిశీలించండి.

చిత్రాన్ని అప్పుడప్పుడూ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారు చేసి, రంగు తీసేసి చూసుకోవాలి. ఫొటో నుంచి కలర్ పికర్‌తో రంగులు తీసుకోవడం మాత్రం మానుకోండి, ఎందుకంటే కెమెరా చాలాసార్లు నీడలలోని తేడాలను నల్లగా కలిపేస్తుంది. కోసిన ఆపిల్ గాలి తగిలి త్వరగా గోధుమ రంగుకు మారుతుంది కాబట్టి, అమరికలో అలాంటి ముక్క ఉంటే దానితోనే రంగులు మొదలుపెట్టండి.