సర్టిఫికెట్ ఉన్న సోయాకు ఎక్కువ రేటు ఇవ్వాలా?

ప్రశ్న: నెదర్లాండ్స్‌లో చదువుతున్న మా అమ్మాయి, ఇంట్లో మీల్ మేకర్ కూర అంటే చాలు, "అమెజాన్ అడవిని తింటున్నావమ్మా" అంటోంది. మాకు గుడ్ల కోళ్ల ఫారం ఉంది. దాణా డీలరేమో "అడవి నరకని సోయా" అని సర్టిఫికెట్ చూపించి, సోయా చెక్కకు టన్ను మీద ఎక్కువ అడుగుతున్నాడు. నమ్మొచ్చా సార్?
– ఒక పాఠకురాలు, గిరింపేట, చిత్తూరు

జవాబు: అమ్మా, ఆ ఎక్కువ రేటు ఇవ్వొద్దు. మన దాణాలో పడే సోయా చెక్క దాదాపు అంతా మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్ గింజలదే. వానాకాలంలో బీడు పెట్టే నల్లరేగడి చేలల్లోకి 1970ల నుంచి దిగిన పంట అది. మీల్ మేకర్ కూడా ఎక్కువగా ఆ గింజే. 2021లో ధరలు మండిపోయి 12 లక్షల టన్నుల విదేశీ చెక్కకు అనుమతిచ్చారు గానీ, అది ఆ ఏటి అవసరం. తిరకాసంతా వంటనూనెలో ఉంది. మనం వాడే సోయా నూనెలో పెద్ద భాగం అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి ఓడల్లో దిగేదే.

సర్టిఫికెట్ సంగతికొద్దాం. నేను దాణా మిల్లులో సరుకు కొనేవాణ్ని. లారీ గేటు దగ్గర ఆగగానే బస్తాలో గొట్టం గుచ్చి చెక్క తీసి తేమ, ప్రొటీను, ఇసుక చూసేవాళ్లం. మాడిందో లేదో వాసనే చెప్పేది. ఏ చేలో పండిందో చెప్పే పరీక్ష మా ల్యాబులో లేదు. తిరుపతి డిపోలో ఎర్రచందనం దుంగకైతే నంబరు వేస్తారు. సోయా గింజకు ఎక్కడ వేస్తాం? గోదాములో వంద చేల గింజ ఒకే గుట్టలో పడ్డాక ఇక ఎవరి గింజ ఎవరిదో తేలదు.

అందుకే గింజను కాదు, చేనును పట్టుకోవాలి. బ్రెజిల్‌లో పెద్ద వ్యాపారులు 2006లో ఒక ఒప్పందం చేసుకున్నారు: అమెజాన్‌లో కొత్తగా అడవి కొట్టిన నేలలో పండిన సోయా కొనకూడదని. ఎప్పటి తర్వాత కొట్టిన అడవిని "కొత్తగా" అనాలో చెప్పే గడువు ఆనక 2008 జూలైకి మారింది. ఉపగ్రహ చిత్రాలతో చేలను సరిచూశారు. చాలావరకు పనిచేసింది కూడా. కానీ పక్కనున్న సెరాడో, అంటే చెట్లూ గడ్డీ కలిసిన మైదానాలు, ఆ ఒప్పందంలో లేవు. అక్కడ చాలాచోట్ల చట్టం ప్రకారం రైతు తన భూమిలో 20 శాతం అలాగే ఉంచితే చాలు, మిగతాది నరుక్కోవచ్చు. కాబట్టి కాగితం మీద "చట్టబద్ధం" అని ఉంటే "అడవి నరకలేదు" అని చదువుకోకండి. సర్టిఫికెట్లు అమ్మేవాళ్లకు ఈ రెండింటినీ కలిపేయడం మహా ఇష్టం.

ఇంకో కిటుకు "మాస్ బ్యాలెన్స్". మంచి చేల నుంచి వంద టన్నులు కొని, ఊరూపేరూ లేని గింజతో కలిపేసి, వంద టన్నుల వరకు "మంచి సోయా" అని అమ్ముకోవచ్చు. లెక్క సరిపోతుంది. మీ బస్తాలో ఏ గింజ ఉందో ఎవరికీ తెలియదు. యూరప్ కొత్త చట్టం దీన్ని ఒప్పుకోదు. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేల పంట రాకూడదు, ప్రతి చేనూ ఎక్కడుందో చూపాలి, నాలుగు హెక్టార్లు దాటితే సరిహద్దు గీతతో సహా ఇవ్వాలి అంటుంది. చట్టం గట్టిదే, అమలు తేదీయే రెండుసార్లు వెనక్కి జరిగింది.

మీ డీలరును ఒకటే అడగండి: "ఏ రాష్ట్రం గింజ, ఏ మిల్లులో ఆడించారు?" మన దేశం గింజే అంటే రేటు తగ్గించమనండి. బయటి సరుకు అంటే చేల మ్యాపు, కలపలేదన్న రుజువు చూపమనండి. నాకు తెలిసి నీళ్లు నములుతాడు.

ఇక మీ అమ్మాయికి. బ్రెజిల్ సోయా యూరప్‌లో దిగే పెద్ద రేవుల్లో రాటర్‌డామ్, ఆమ్‌స్టర్‌డామ్ ఉన్నాయి. అక్కడ తను తినే కోడిగుడ్డు వెనక ఏ దేశం దాణా ఉందో కనుక్కుని ఫోను చేయమనండి.