పంటి మీద ఆ గీత పాచి కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. పెళ్ళిళ్ళకు టెంటు సామాను, లైటింగ్ కిరాయికిచ్చే పని మాది. బరాత్‌ల కోసం సొంతంగా గుర్రం కొందామనుకుంటున్నాను. నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరలో కొన్నానంటూ ఒకాయన తెల్ల గుర్రం చూపించాడు. నుక్రా జాతి, ఏడేళ్ళు, లక్షా 60 వేలు అన్నాడు. పళ్ళు చూశాను, బాగున్నాయి. పై వరసలో చివరి పన్ను మీద మాత్రం గోధుమ రంగు పాచి గీతలా సగం దాకా ఉంది. మా బావమరిదేమో హైదరాబాద్‌లో రేసులు మానేసిన గుర్రం తక్కువకే వస్తుంది, అది తీసుకోమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, బోధన్

జవాబు: మీ ఉత్తరంలో పాచి అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అది పాచి కాదండీ. గుర్రానికి పదేళ్ళప్పుడు పై ముందరి పళ్ళలో చివరిదాని మీద, చిగురు దగ్గర ఒక గీత మొదలవుతుంది. ఏటేటా కిందికి దిగుతూ 15 ఏళ్ళకు సగం పన్ను దాకా, 20 ఏళ్ళకు కొస దాకా వస్తుంది. ఒకటి రెండేళ్ళు అటూఇటూ కావచ్చు గానీ, సగం గీత దిగిన గుర్రానికి ఏడేళ్ళు ఉండవు.

ఈ గీత సంగతి నేను బాధపడి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా నాన్న జట్కాకు గుర్రం కొంటూ నన్ను వెంట తీసుకెళ్ళాడు. వయసులో ఉన్న గుర్రానికి ఉండే నల్లటి గుంటలు కింది పళ్ళలో చూసి ఆరేళ్ళదని చెప్పింది నేనే. ఆ గుంటలు ఎవరో తొలిచి, కాల్చి నల్లగా చేసినవి. పై పెదవి ఎత్తి చూడలేదు. రెండేళ్ళు తిరక్కుండానే అది దాణా నమలలేక ఎముకలు తేలిపోయింది. దాని ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ముసలి గుర్రం వద్దని కాదు. బ్యాండుకు, టపాసులకు అలవాటుపడి నిమ్మళంగా నడిచే గుర్రం బరాత్‌కు మంచిదే. కానీ దాని వయసుకు తగ్గ ధర ఇవ్వండి, దానికి తగ్గ పనే చేయించండి.

ఇక నుక్రా. ఆ మాటకు అర్థం వెండి. తెల్లటి ఒళ్ళు, గులాబీ చర్మం ఉన్న గుర్రాన్ని అలా పిలుస్తారు. అది రంగు పేరు, జాతి పేరు కాదు. మార్వాడీ జాతి గుర్రమైతే చెవులు లోపలికి వంగి కొనలు తాకేలా ఉంటాయి. కాఠియావాడీ జాతికీ అవే చెవులు, కాబట్టి ఒక్క చెవులు చూసి మార్వాడీ ధర పెట్టకండి.

రేసు గుర్రం మాటకొస్తే, అది పరుగెత్తడానికే పెరిగింది. తిండి ఎక్కువ, చర్మం పలచన, ఉలికిపాటు ఎక్కువ. డీజే ముందు పిల్లల మధ్య దాన్ని నిలబెట్టమని నేను చెప్పలేను.

ఏ గుర్రమైనా గట్టి నేల మీద నెమ్మదిగా పరుగెత్తించి చూడండి. ముందుకాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు మోపినప్పుడల్లా తల పైకెత్తుతుంది. నొప్పి ఇంజెక్షన్ వేసి చూపించే వాళ్ళూ ఉన్నారు, అందుకే చెప్పకుండా మూడు నాలుగు రోజుల తర్వాత ఇంకోసారి వెళ్ళండి. బ్యాండు పెట్టించి చూడండి.

అన్నిటికంటే ముఖ్యం గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగానికి పరీక్ష. ముక్కు నుంచి చీము, కాళ్ళ మీద గడ్డలు ఉంటే దగ్గరికే పోకండి, అది మనుషులకూ సోకుతుంది, టీకా లేదు. పైకి బాగున్న గుర్రంలోనూ ఉండొచ్చు. మీ పశువుల ఆసుపత్రిలో రక్తం తీయించి పరీక్షకు పంపమనండి. ఆ ఫలితం చేతికి వచ్చేదాకా బయానా కూడా ఇవ్వకండి.