సముద్రం ఒడ్డున పెళ్లి వీడియో తీయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మిర్యాలగూడ వాళ్ల పెళ్లి సూర్యలంక బీచ్‌లో అట, వీడియో నీదే అట. నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్తే ఎంత సంతోషం అనిపించిందో. అయితే మన నల్లగొండ ఫంక్షన్ హాళ్ల పని వేరు, ఇది వేరు. హాల్లో లైటు మనం పెట్టినట్టు ఉంటుంది. అక్కడ ఎండా గాలీ మన మాట వినవు. అందుకని ఒక రోజు ముందే వెళ్లు. ముహూర్తం ఎన్ని గంటలకో కనుక్కుని, సరిగ్గా అదే టైముకు మండపం వేసే చోట నిలబడి చూడు. నీళ్లు ఎంతవరకు వస్తున్నాయో కూడా గుర్తుపెట్టుకో. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, పౌర్ణమి దగ్గర పడితే ఇంకా పైకి వస్తుంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది మండపం ఎటు తిరిగి ఉండాలనేది. పెళ్లివాళ్లు వెనకాల సముద్రం కనిపించాలంటారు. పంతులు గారు తూర్పుముఖంగా కూర్చోబెడతానంటారు. గోవాలో ఈ రెండూ కుదురుతాయి, ఎందుకంటే అక్కడ సముద్రం పడమర. సూర్యలంకలో సముద్రం ఆగ్నేయం వైపు. తూర్పుకు కూర్చుంటే సముద్రం వాళ్ల ఎదురుగా, కుడి పక్కకు ఉంటుంది, వెనకాల కొబ్బరిచెట్లో టెంట్లో కనిపిస్తాయి. సముద్రం వెనకాల వచ్చేలా తిప్పి కూర్చోబెడితే పొద్దున పూట ఎండ వెనక నుంచి కొట్టి ముఖాలు నల్లగా పడతాయి. పంతులు గారితో, డెకరేషన్ వాళ్లతో ముందురోజే కూర్చుని మాట్లాడు. ఎటూ కుదరకపోతే ముఖాలకే ఎక్స్‌పోజర్ పెట్టు, వెనక నీళ్లు తెల్లగా పోతే పోనీ. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఆ పిల్ల కళ్లు కనిపించాలి. సముద్రాన్ని సాయంత్రం ఎంతసేపైనా తీసుకోవచ్చు.

సెకనుకు 25 ఫ్రేములు తీస్తే షట్టర్ 1/50 దగ్గర ఉండాలి కదా, ఆ ఎండలో ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించడానికి లెన్స్ ముందు బిగించే నల్లద్దం) లేకుండా అది జరగదు.

సౌండ్ గురించి మాత్రం నా మాట విను. నేను మొదటిసారి బీచ్ పెళ్లి తీసినప్పుడు మైకుకు బొచ్చు తొడుగు వేయలేదు. అప్పగింతల్లో వాళ్ల నాన్న ఏడుస్తూ నాలుగు మాటలు చెప్పాడు. ఇంటికొచ్చి వింటే ఒట్టి గాలి హోరు. ఆ మాటలు మళ్లీ చెప్పించగలమా? ఇప్పటికీ ఆ పెళ్లి గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. పంతులు గారికొక కాలర్ మైకు, పెళ్లికొడుక్కొకటి, రెండింటికీ తొడుగులు వేయి. ఎండ ఎక్కేకొద్దీ సముద్రం మీది గాలి పెరుగుతుంది, పొద్దున టెస్ట్ చేసి బాగుందని వదిలేయకు.

ఇంకోటి, మన పొడి ఊళ్లలో తెలియనిది. ఏసీ రూములోంచి కెమెరా నేరుగా బీచ్ మీదికి తెస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. ఎంత తుడిచినా మళ్లీ పడుతుంది. అరగంట ముందే బ్యాగు మూసి ఉంచి బయట పెట్టు. ఇసుకలో లెన్స్ మార్చకు, రెండు కెమెరాలకు రెండు లెన్సులు బిగించే వెళ్లు. ఇసుక పడితే బ్లోయర్‌తో ఊదాకే గుడ్డ తగిలించు, లేకపోతే గీతలు పడతాయి.

డ్రోన్ తప్పకుండా అడుగుతారు. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకో. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ లైసెన్స్ అక్కర్లేదు, కానీ రెడ్ జోన్‌లో దానికి కూడా అనుమతి కావాల్సిందే. అనుమతి రాకపోతే పెళ్లివాళ్లకు ఇప్పుడే చెప్పు, అక్కడికి వెళ్లాక కాదు.

బయల్దేరే ముందు ఒకసారి ఇంటికి రా. బొచ్చు తొడుగులు నా దగ్గర రెండున్నాయి, ఉతికి పెట్టాను.

నీ మేనమామ
నల్లగొండ