పాప ఫొటోల కోసం వాయిదాల మీద కెమెరా కొనవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నేను ప్రైవేటు పాఠశాలలో టీచర్‌ని. మా వారు మిర్చి యార్డు దగ్గర కమీషన్ దుకాణంలో గుమాస్తా. ఇద్దరికీ కలిపి నెలకు రూ.58,000 వస్తుంది. అద్దె, బైకు వాయిదా, ఇంటి ఖర్చులు పోను 9,500 మిగులుతుంది. బ్యాంకులో 85,000 ఉంది. మా పాపకు మూడేళ్లు. సాయంత్రం ఇంట్లో తను ఆడుకుంటుంటే ఫోనుతో తీసిన ఫొటోలన్నీ మసకగా వస్తున్నాయి. విజయవాడలో ఒక షాపులో 72,000 మిర్రర్‌లెస్ కెమెరా చూశాను. నెలకు 6,000 చొప్పున 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తే డబ్బు తిరిగి వస్తుందని కూడా చెప్పారు. నాకది సరదా మాత్రమే. మా వారు పనికిరాని ఖర్చు అంటున్నారు. ఉప్పలపాడు పక్షులను కూడా తీయాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ వారికి ఒక మాట. ఇది పనికిరాని ఖర్చు కాదు. మూడేళ్ల పాప మళ్లీ మూడేళ్ల పాప కాదు. ఇంట్లో ఒకరికి నిజంగా ఇష్టమైన పనికి ఏడాదిలో కొంత డబ్బు కేటాయించడం తప్పేమీ కాదు. అయితే దీన్ని ఖర్చుగానే చూడండి. పెళ్లిళ్ల ఆదాయం మాట షాపులోనే వదిలేయండి. అది రెండో కెమెరా, లైట్లు, ఆల్బమ్ డిజైను, రాత్రంతా నిలబడే ఓపిక, బాకీ వసూళ్లు అన్నీ ఉన్న పూర్తి స్థాయి వృత్తి. సరదాకు కొనే వస్తువు నుంచి సంపాదన ఆశిస్తే సరదా కూడా మిగలదు.

కెమెరా కొనండి, కాని ఈ కెమెరా వద్దు, ఈ పద్ధతిలో వద్దు.

బ్యాంకు వడ్డీ లేకుండా అప్పు ఇవ్వదు. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఉంటుంది, దాన్ని తగ్గింపు రూపంలో ముందే సర్దుతారు. బ్యాంకు 15 శాతం వేస్తుందనుకుందాం. నెలకు 6,000 చొప్పున మీరు కట్టే 72,000లో అసలు సుమారు 66,500, వడ్డీ 5,500. బిల్లులో షాపు ఆ 5,500 తగ్గించినట్లు కనిపిస్తుంది. కాని ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు వెయ్యి రూపాయలు, క్రెడిట్ కార్డు బిల్లులో నెలనెలా మీకే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ అదనం. మొత్తం నగదుగా ఇస్తే ఎంతకిస్తారని షాపులో అడిగి చూడండి. నాలుగైదు వేలు తగ్గిస్తామంటే వడ్డీ ఎవరు కడుతున్నారో మీకే తెలిసిపోతుంది.

ఈ వెయ్యి, రెండు వేల కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ ఇద్దరి ఆదాయం. ప్రైవేటు పాఠశాలల్లో చాలాచోట్ల వేసవి సెలవులకు పూర్తి జీతం ఇవ్వరు. మీ దగ్గర ఇస్తారో లేదో మీరు రాయలేదు. యార్డుకూ వేసవిలోనే సెలవులు వస్తాయి. మీ వారి దుకాణంలో ఆ రోజుల్లో రాబడి తగ్గితే, ఇంట్లో రెండు ఆదాయాలూ ఒకేసారి సన్నగిల్లుతాయి. ఆ వెంటనే జూన్. పాపను బడిలో చేర్చే వయసు కూడా వచ్చేసింది. 12 నెలల వాయిదా ఏ నెలలో మొదలుపెట్టినా ఈ రోజులను దాటాల్సిందే. అప్పుడు ఒక్క వాయిదా తప్పితే ఆలస్య రుసుము పడుతుంది, బాకీ మీద నెలకు 3 శాతం పైచిలుకు వడ్డీ మొదలవుతుంది. బ్యాంకులో ఉన్న 85,000 మీ ఇంటికి రెండు నెలల ఖర్చుకు కూడా చాలదు. దాన్ని కెమెరా కోసం తాకవద్దు.

ఇంకో సంగతి. డిజిటల్ కెమెరాలపై జీఎస్టీ 2019 జనవరిలో 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అయినా 72,000లో పన్నే దాదాపు 11,000. రేపు మీరు అమ్మబోతే కొనేవారు ఆ పన్నును లెక్కలోకి తీసుకోరు. ఆ నష్టాన్ని మొదటి యజమాని భరించి ఉంటే మీకు మేలు. అందుకే నేను సెకండ్ హ్యాండ్ వైపు మొగ్గుతాను.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. ఫొటోలు మసకబారడానికి కారణం మెగాపిక్సెళ్లు తక్కువ కావడం కాదు, వెలుతురు చాలకపోవడం. ట్యూబులైటు కింద ఫోను షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆలోపు పాప తల తిప్పేస్తుంది. ఆడుకునే పిల్లలకు కనీసం 1/125 సెకను షట్టరు వేగం కావాలి, పరుగెత్తితే 1/250. ఆ వేగంలో తగినంత వెలుతురు లోపలికి రావాలంటే లెన్సు ద్వారం పెద్దదిగా ఉండాలి. ఆ ద్వారాన్ని ఎఫ్ సంఖ్యతో చెబుతారు, సంఖ్య ఎంత తక్కువైతే ద్వారం అంత పెద్దది. మీరు చూసిన కెమెరాతో ఇచ్చేది మామూలు జూమ్ లెన్సే అయి ఉంటుంది. అలాంటివి జూమ్ చివర ఎఫ్ 5.6 దాకానో, అంతకన్నా చిన్నగానో మూసుకుపోతాయి. ఎఫ్ 1.8 లెన్సు దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును రానిస్తుంది. అంటే 72,000 పెట్టినా మీ ఇంట్లో, సాయంత్రం ఏడింటికి, మీకు కావాల్సిన ఫొటో రాకపోవచ్చు. లెన్సు మార్చుకునే వీలున్న పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాకు ఎఫ్ 1.8 లెన్సు తగిలిస్తే వస్తుంది. డబ్బు లెన్సు మీద పెట్టండి.

నికాన్ డి3400, డి3500, కెనాన్ 1500డి, 200డి. ఇవన్నీ 2016-18 మధ్య వచ్చిన 24 మెగాపిక్సెళ్ల కెమెరాలు. మీ అవసరానికి ఏదైనా చాలు. కెమెరాతో వచ్చే మామూలు 18-55 ఎంఎం జూమ్ లెన్సుతో సహా 23,000 దాటవద్దు. నికాన్ అయితే 35 ఎంఎం ఎఫ్ 1.8 డీఎక్స్ లెన్సు, కెనాన్ అయితే 50 ఎంఎం ఎఫ్ 1.8 చూడండి. చిన్న గదిలో 50 ఎంఎంతో తీయాలంటే బాగా వెనక్కి జరగాలి, అందుకని నా ఓటు నికాన్‌కే. కొనేటప్పుడు లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూసుకోండి. ఈ చిన్న నికాన్‌లలో ఫోకస్ మోటారు లేదు, ఏఎఫ్-ఎస్ లెన్సులో అది ఉంటుంది. పాత ఏఎఫ్-డి లెన్సులు వాటికి ఎక్కుతాయి కాని ఆటోఫోకస్ పనిచేయదు. లెన్సుకు 9,000, మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ, గాలి చొరని డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్‌కు 4,000 పెట్టుకుంటే మొత్తం 36,000.

తక్కువకు వస్తున్నాయని జేబు కెమెరాల జోలికి వెళ్లకండి. వాటిలో చాలావాటి సెన్సారు, అంటే వెలుతురును పట్టుకునే పలక, 6.17 × 4.55 మిల్లీమీటర్లు. నేను చెప్పిన నికాన్ సెన్సారు వైశాల్యం దానికి 13 రెట్లు. ఆన్‌లైన్‌లో పేరు తెలియని కంపెనీలు ‘48 మెగాపిక్సెల్’ అని అమ్మే చవక కెమెరాలు మీ ఫోను కంటే కూడా ఘోరంగా తీస్తాయి.

సెకండ్ హ్యాండ్ కెమెరాను పగటిపూట, స్వయంగా చూసి కొనండి. ఎల్ఈడీ టార్చి తీసుకెళ్లండి. లెన్సు వెనక నుంచి వెలుగు వేసి ముందు నుంచి చూస్తే, బూజు ఉన్నచోట సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది. మన కృష్ణా, గుంటూరు ప్రాంతపు ఉక్కకు, తేమకు లెన్సుల్లో బూజు తేలిగ్గా పడుతుంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు. తర్వాత ఎఫ్ 16లో తెల్లగోడను ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, సెన్సారు మీద దుమ్ము మచ్చలుగా తేలుతుంది. ఇది శుభ్రం చేయించుకోవచ్చు, బేరానికి మాత్రం పనికొస్తుంది. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. 30,000 లోపు ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. అసలు బిల్లు లేకపోతే కొనవద్దు. ఇంటికి తెచ్చాక తోలు సంచిలోనో బీరువాలోనో కాకుండా డబ్బాలో పెట్టండి. మే నెలలో బైకు డిక్కీలో అసలు ఉంచకండి.

డబ్బు మాటకొస్తే, షాపుకు కడతామన్న 6,000ను మీ బ్యాంకులో ఆరు నెలల రికరింగ్ డిపాజిట్‌కు కట్టండి. సరిగ్గా 36,000 అవుతుంది, కొంచెం వడ్డీ కలుస్తుంది. మిగతా 3,500ను అత్యవసర నిధికి చేర్చండి. వేసవి అయ్యాక మొదలుపెడితే ఇంకా మంచిది. ఆరు నెలలు ఇబ్బంది లేకుండా కట్టగలిగితే ఈ ఖర్చు మీ స్తోమతలోనిదే. మూడో నెలకే ఆపాల్సి వస్తే, అదే వాయిదా బ్యాంకుకు కట్టాల్సి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి.

ఈలోగా రెండు పనులు చేయండి. ఫోను లెన్సును మెత్తటి గుడ్డతో తుడిచి, పాపను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఉదయంపూట తీయండి. తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు. విజయవాడలో కెమెరాలు, లెన్సులు రోజు అద్దెకు దొరుకుతాయి. ఒక ఆదివారం డీఎస్ఎల్ఆర్‌ను ఎఫ్ 1.8 లెన్సుతో తెచ్చుకుని, దాని బరువు, మీటలు మీకు నచ్చుతాయో లేదో చూసుకోండి. పాప వెనక పరుగెత్తడానికి అది బరువనిపిస్తే కొనకుండానే ఆ విషయం తెలిసిపోతుంది.

ఇక ఉప్పలపాడు. అక్కడి పెలికాన్లను, ఎర్రకాళ్ల కొంగలను చెరువు గట్టు నుంచి దగ్గరగా తీయాలంటే 300 ఎంఎం వరకు వెళ్లే లెన్సు కావాలి. దాని కోసం 125 రెట్ల జూమ్ కెమెరా కొందామనుకోకండి, అందులో ఉండేదీ ఆ చిన్న సెన్సారే, ఇంట్లో ట్యూబులైటు కింద మళ్లీ మొదటికొస్తుంది. ఏడాదిలో ఒకటి రెండుసార్లు వెళ్లేదానికి 70-300 లెన్సును ఆ రోజుకు అద్దెకు తెచ్చుకోండి. అది నికాన్‌కు బిగించేది అయితే, దాని మీద కూడా ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని ఉండాలి.